నాయనమ్మ గాలించిన ఇసుక

నా చిన్నప్పుడు జరిగిన ఈ సంగతిని ఇన్నేళ్ళూ రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. నాకు తెలుగు అక్షరాలు రావు, అంతే. మాటలు కూడా సరిగా రాని వయసులో అమ్మ చంకనెక్కి అమెరికా వచ్చాను. ఇంట్లో తెలుగు మాట్లాడుకున్నాం, బడిలో ఇంగ్లీషు చదువుకున్నాను. తెలుగు నాకు చెవిలోంచి వచ్చింది గాని కంట్లోంచి రాలేదు. ఉద్యోగం మానేసి ఇంటిపట్టున కూర్చున్నాక, హెర్న్‌డన్‌లో మా ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న అమ్మాయి నాకు ఓనమాలు దిద్దించింది. ఖమ్మం నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చిన పిల్ల. తల నెరిశాక పలక పట్టినట్టయింది నా పని.

ఇంగ్లీషులో ఎప్పుడో రాయవచ్చు కదా అంటారు. ప్రయత్నించాను. మా నాయనమ్మ మాటలు ఇంగ్లీషులో పెడితే పులుపు పోయిన గోంగూరలా ఉన్నాయి. చింపి పారేశాను.

ఇప్పుడు మా తెలుగు చర్చి వాళ్ళు ఒక పత్రిక వేస్తున్నారు. క్షమించడం గురించి చిన్ననాటి జ్ఞాపకం ఒకటి రాయమని పాస్టర్ గారు నన్ను అడిగారు. నేను రాస్తుంటే ఖమ్మం పిల్ల భుజం మీదుగా చదివి నవ్వింది.

"ఆంటీ, టాపిక్ ఫర్‌గివ్‌నెస్ కదా. ఇది ఫుల్ రివెంజ్ అయిపోతోంది."

జరిగినదే రాస్తున్నానని చెప్పాను. వేసుకుంటే వేసుకుంటారు, లేకపోతే లేదు.

అప్పట్లో మేం మిషిగన్ సరస్సు తూర్పు ఒడ్డున ఉండేవాళ్ళం. సరస్సంటే మన చెరువుల్ని తలుచుకోకండి. అవతలి ఒడ్డు కనిపించదు. సముద్రంలాగే అలలు కొడుతుంది, నీళ్ళు మాత్రం ఉప్పగా ఉండవు. మా నాన్న పండ్లు డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీలో యంత్రాలు చూసుకునేవాడు. చవగ్గా వచ్చిందని గట్టు మీద ఒక పాత చెక్క ఇల్లు కొన్నాడు. తాతయ్య పోయాక మా నాయనమ్మ కృష్ణా నది లంకల్లోంచి వచ్చి మా దగ్గరే ఉండిపోయింది. వస్తూ వస్తూ చీర కొంగున గోంగూర విత్తనాలు ముడేసుకుని వచ్చింది. వంటింటికీ గట్టు అంచుకీ మధ్య మెత్తటి మట్టి పోయించుకుని చిన్న మడి కట్టింది. అక్కడ ఎండాకాలం ఇలా వచ్చి అలా పోతుంది. అయినా ఆ కాస్త వేడికే గోంగూర మోకాళ్ళ ఎత్తు లేచేది. ఆ చలిదేశంలో నాయనమ్మకి తనదనుకున్న నేల ఆ మడి ఒక్కటే.

ఆ గట్టు పైన ఇసుక, కింద బూడిదరంగు బంకమట్టి. సరస్సు కొట్టినప్పుడల్లా గట్టు కొంచెం కొంచెం విరిగి నీళ్ళలో పడేది. అలలు ఆ విరిగిన మట్టిని ఉతికి, రాళ్ళను అక్కడే వదిలి, ఇసుకను ఒడ్డు వెంట నడిపించుకుంటూ పోయేవి. ఉత్తరం నుంచి వచ్చిన ఇసుక మా గట్టు కింద కొన్నాళ్ళు ఉండి, దక్షిణానికి సాగిపోయేది. పోయినదాని చోట్లో మళ్ళీ కొత్త ఇసుక వచ్చేది. గట్టు పాదాన ఇసుక ఉన్నంతకాలం అల దెబ్బ దానికే తగిలేది, మా ఇంటికి తగిలేది కాదు.

మాకు ఉత్తరం పక్కింటాయన పడవలు అమ్మే వ్యాపారి. ఆయన తన ఒడ్డు నుంచి సరస్సులోకి బండరాళ్ళతో తిన్నగా ఒక గోడ కట్టించాడు. నడిచి వచ్చే ఇసుకంతా ఆ గోడకు తగిలి ఆయన ఒడ్డునే ఆగిపోవాలని, వేసవిలో వచ్చే చుట్టాలు దాని మీద పడుకోవాలని ఆయన ముచ్చట. గోడకి ఇవతల, మా వైపు నీళ్ళలో, తన నీలం పడవ కట్టుకున్నాడు. ఏడాది తిరిగేసరికి ఆయన ఒడ్డు విశాలమైంది. మా గట్టు కింద ఇసుక పోయి రాళ్ళు తేలాయి. ఆ తర్వాత అల సూటిగా బంకమట్టినే కొట్టింది. వేసవి మధ్యలో ఒక గాలివాన వెలిశాక చూస్తే నాయనమ్మ మడి లేదు. సగం మొక్కలు నీళ్ళ పాలయ్యాయి, మిగతావి వేళ్ళతో గట్టుకు వేలాడుతున్నాయి. గట్టు అంచు వంటింటి గోడ దగ్గరికి వచ్చేసింది.

మా నాన్న మర్యాదగా మాట్లాడదామని వెళ్ళాడు. నాయనమ్మా నేనూ వెనకే వెళ్ళాం. పక్కింటాయన నవ్వుతూనే చెప్పాడు, సరస్సు ఈ ఏడు పొంగింది, అందులో తన తప్పేమీ లేదని. నాయనమ్మ చేతిలో ఉన్న గోంగూర మొక్కల్ని చూసి, ఆ కలుపు పోతే పోయింది, మంచి గడ్డి వేసుకోమని సలహా ఇచ్చాడు. ఏమంటున్నాడని నాయనమ్మ అడిగితే నేను తెలుగులో చెప్పాను. ఆ ఒక్క మాటను నా చేత రెండోసారి చెప్పించుకుంది.

ఫిర్యాదు చేద్దామంటే నాన్న ఒప్పుకోలేదు. మా గ్రీన్‌కార్డు కాగితాలు ఇంకా తేలలేదు. ఇలాంటప్పుడు ఒకళ్ళతో తగువెందుకన్నాడు. ఇల్లు వచ్చినకాడికి అమ్మేసి ఊళ్ళోకి పోదామన్నాడు. నాయనమ్మ వేలాడుతున్న మొక్కల ఆకు దూసి, ఒలిచి, పచ్చడి పెట్టి జాడీకి మూత బిగించింది. ఉత్తరపు గాలులు వచ్చేదాకా ఆగమని కొడుకుతో చెప్పింది. ఎందుకో చెప్పలేదు.

ఆ రోజుల్లో షికాగో దుకాణం నుంచి తెచ్చుకునే బియ్యంలో రాళ్ళుండేవి. నాయనమ్మ రోజూ రెండు గిన్నెలు పెట్టుకుని గాలించేది. నీళ్ళు పోసి, గిన్నెను ఊయల ఊపినట్టు ఊపుతూ, బియ్యాన్ని నీళ్ళతో పాటు రెండో గిన్నెలోకి కొంచెం కొంచెంగా వంచేది. చివరికి మొదటి గిన్నె అడుగున రాళ్ళు మిగిలేవి. ఒకరోజు నన్ను పెరట్లోకి పిలిచి, బియ్యానికి బదులు మా గట్టు మట్టి ఇంత ఆ గిన్నెలో వేసింది. ఊపింది. ముందు గులకరాళ్ళు అడుగు పట్టాయి, వాటి మీద ఇసుక సర్దుకుంది, బంకమట్టి మాత్రం నీళ్ళను పాలలా చేసి తేలుతూనే ఉంది. పక్కన పెట్టి, అన్నం తిని వచ్చి చూస్తే అదీ సన్నని పొరగా దిగింది.

"చూశావంటే, నీళ్ళు పరిగెత్తినంతసేపూ మోసుకెళ్తయ్. పరుగు ఎక్కడ తగ్గితే అక్కడ దింపేస్తయ్. మా లంకలన్నీ అట్టా పుట్టినయ్యే."

తర్వాత బట్టలు నానబెట్టే తొట్టి అడుగున ఇసుక పరిచి నీళ్ళు పోసింది. నా చేతికి పళ్ళెం ఇచ్చి అలలు పుట్టించమంది. తొట్టి అంచున ఒక కర్ర తిన్నగా అడ్డం పెట్టింది. ఇసుక అలలు వచ్చే వైపు దానికి ఆనుకుని పోగయింది, కొంచెం కర్ర చివర చుట్టి జారిపోయింది. అప్పుడు కర్ర తీసేసి వంపున్న ఇత్తడి గరిటె పెట్టింది. చుట్టి వచ్చిన ఇసుక ఎటూ పోలేక గరిటె వంపులో చేరింది. నా చేతులు నొప్పెట్టేదాకా కొట్టించింది. ఆ వంపు నిండిపోయింది. మడి పోయిన తర్వాత నాయనమ్మ నవ్వడం నేను అప్పుడే చూశాను.

మర్నాడు జంతికలు పళ్ళెంలో పెట్టుకుని నన్ను వెంటబెట్టుకుని పక్కింటికి బయల్దేరింది. దారిలో నాకు ఒక్కటే చెప్పింది.

"నేనన్నదే చెప్పు. నీ సొంతం కలపమాక."

పక్కింటాయన జంతికలు కరకరా నమిలాడు. నాయనమ్మ గోడను మెచ్చుకుంది. ఇంత బలమైన గోడ తమ ఊళ్ళో కూడా చూడలేదంది. పడవకే పాపం, గాలికి ఊగులాట తప్పడం లేదంది. గోడ కొసను మా వైపుకి వంచితే లోపల నీళ్ళు నిలకడగా ఉంటాయి, పడవ కూడా హాయిగా నిద్రపోతుందని చెప్పింది. అంతా నా నోటితోనే. అందులో ఒక్క అబద్ధం లేదు. ఆయన సంతోషించి నా తల నిమిరాడు. మీ గ్రాండ్‌మా తెలివైందన్నాడు. వేసవి వెళ్ళేలోగా సరస్సు మీదుగా బల్లకట్లలో రాళ్ళు వచ్చాయి, గోడ కొక్కెంలా వంగింది.

మా అమ్మ తట్టుకోలేకపోయింది. "అత్తయ్యా, మనకొచ్చే కాస్త ఇసుకా ఆగిపోయింది కదా."

"ఆగనీ. ముందు వాడి దగ్గర పోగవనీ."

ఆ కొద్ది నెలలు మేం ఎలా గడిపామో చెప్పలేను. వంటింటి కిటికీలోంచి చూస్తే కింద నేల కనిపించేది కాదు, నీళ్ళే. అమ్మ బియ్యం డబ్బాను ముందు గదిలోకి జరిపింది. నన్ను వంటింట్లో గెంతవద్దంది. నాయనమ్మ మోకాళ్ళ మీద ప్రార్థన చేసేటప్పుడు ఊళ్ళో అందరినీ పేరు పేరునా దీవించమనేది, పక్కింటాయనను తప్ప. ఆయన కోసం కూడా చేయాలి కదత్తయ్యా అని అమ్మ అంటే, "ఆయన సంగతి గాలి చూసుకుంటది" అంది.

గాలి చూసుకుంది. చలికాలం మొదలయ్యే ముందు అక్కడ పెద్ద తుఫానులు వస్తాయి. అందరూ అప్పటికే పడవల్ని బయటికి లాగేస్తారు. ఆయనా ఏటా లాగేవాడు. ఆ ఏడు మాత్రం కొత్త వంపును నమ్ముకుని నీళ్ళలోనే ఉంచాడు. గాలి ఆగకుండా కొట్టింది. గోడకి అవతల పట్టనంత ఇసుక పేరుకుని, కొస చుట్టి వచ్చి, నిలకడ నీళ్ళు దొరికేసరికి అక్కడే దిగింది. తెరిపిచ్చాక మేం కిటికీలోంచి చూశాం. నీలం పడవ నడుం లోతు ఇసుకలో, బురదలో దిగబడిన గేదెలా ఒక పక్కకి ఒరిగి ఉంది. నాయనమ్మ కుర్చీ తెచ్చి కిటికీ దగ్గర వేసుకుని, టీ తాగుతూ చూసింది.

ఇంకొన్నాళ్ళు పోతే మంచు గడ్డకట్టి పడవను నలిపేస్తుంది. ఇసుక మేట వేశాక బల్లకట్టు దగ్గరికి రాలేదు. ఆయన గట్టు నిలువుగా ఉంటుంది, మెట్లే గాని యంత్రం దిగే దారి లేదు. వాలు ఉన్నది మా పెరట్లోనే, వంటింటికి ఎడంగా. మధ్యాహ్నం ఆయన టోపీ చేత్తో పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు.

నాయనమ్మ లోపలికి రమ్మని భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టింది. వేడి అన్నంలో నెయ్యి వేసి, జాడీ మూత తీసి పచ్చడి వడ్డించింది. అవసరం ఆయనది కాబట్టి తిన్నాడు. రెండో ముద్దకే కళ్ళ నీళ్ళొచ్చాయి. ఇదేమిటని అడిగాడు.

"చెప్పవే," అంది నాయనమ్మ. "ఆ రోజు కలుపు అన్నాడే, అదేనని చెప్పు."

చెప్పాను. ఆయన చెంచా కింద పెట్టాడు. నాయనమ్మ చూస్తూనే ఉంది. మళ్ళీ చెంచా తీసుకుని పళ్ళెం ఖాళీ చేశాడు. మా నాన్న తలవంచుకుని కూర్చుని, మధ్యలో ఒకసారి ఆయన వైపుకి మంచినీళ్ళ గ్లాసు జరిపాడు.

తర్వాత నాయనమ్మ చెప్పవలసింది చెప్పింది. యంత్రం మా పెరట్లోంచి దిగవచ్చు. తవ్విన ఇసుక ప్రతి చిటికెడూ మా వంటింటి కింద గట్టు పాదాన పోయాలి. గోడ వంపు ఊడదీయాలి, మిగిలిన గోడను సగానికి తగ్గించాలి. పెద్దమనిషితో ఇలాంటి మాటలు చెప్పడం నాకు అదే మొదలు. ఆయన మా నాన్న వైపు చూశాడు, ఈయనైనా ఏమైనా అంటాడేమోనని. నాన్న ఆయన గ్లాసులో ఇంకొన్ని నీళ్ళు పోశాడు. ఆయన ఒప్పుకున్నాడు.

మర్నాడే పని మొదలైంది, ఆ రోజే పడవ బయటికి వచ్చింది. తొట్టెలు తొట్టెలుగా ఇసుక మా గట్టు కింద పడుతుంటే నాయనమ్మ శాలువా కప్పుకుని దగ్గరే నిలబడింది. పొద్దువాలుతుండగా పక్కింటాయన వచ్చి చెయ్యి చాపాడు. ఇక మనం ఫ్రెండ్సే కదా అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. నాయనమ్మ శాలువాలోంచి చెయ్యి తీయలేదు.

"ఇసుక వచ్చింది. నా మడి రాలేదని చెప్పు."

ఇల్లు నిలిచింది. నేను పెళ్ళయి వెళ్ళేదాకా ఆ వంటింట్లోనే తిన్నాను. నాయనమ్మ మడి మట్టి మాత్రం తిరిగి రాలేదు. అది ఇసుకలాంటిది కాదు, మెత్తటి మట్టి. ఒడ్డున ఆగదు. అలల మీద తేలుతూ సరస్సు నడిమికి పోయి, అలల కదలిక అందని లోతులో నెమ్మదిగా అడుగుకి దిగుతుంది. మరుసటి ఏటి ఒండ్రు దాని మీద ఇంకో పొర వేస్తుంది. ఆ మీద ఇంకొకటి. పైనుంచి చూస్తే సరస్సు అద్దంలా ఉంటుంది, ఏమీ జరగనట్టే. మా మడి మాత్రం ఆ పొరల కింద ఉన్నచోటనే ఉంది.

పాస్టర్ గారు ఏమనుకున్నా సరే, ఆ రోజు నుంచి నేను మోస్తున్నది ఇదే. నన్ను తొక్కినవాళ్ళు ఉద్యోగంలో ఉన్నారు, చుట్టాల్లోనూ ఉన్నారు. ఎవరి మీదా గొంతు పెంచలేదు. వాళ్ళ నీళ్ళు ఎక్కడ నిదానిస్తాయో చూస్తూ కూర్చున్నాను. ఎక్కడో ఒకచోట అందరివీ నిదానిస్తాయి.

మా గట్టు కింద ఇసుక పోసిన మర్నాడు తెల్లవారగానే నేను నాయనమ్మ బియ్యం గిన్నె తీసుకుని ఒక్కదాన్నీ కిందికి దిగాను. కొత్త ఇసుక గిన్నెడు తీసి, నీళ్ళు ముంచి, ఆమె నేర్పినట్టే ఊపాను. ఇసుక దిగింది. పడవ మీంచి గీసుకుపోయి ఊడిన నీలం రంగు పెచ్చులు పైన తేలుతూ తిరిగాయి. తలెత్తితే పక్కింటాయన తన మెట్ల మీద నిలబడి ఉన్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు. నేను ఊపలేదు. రెండు చేతులా గిన్నె ఉంది. ఆయనకి కనబడేట్టు, తొందరపడకుండా, ఆ రంగు పెచ్చుల్ని సరస్సులోకి వంపేశాను. అడుగున మిగిలిన ఇసుకను మా వంటింటి కింద పోసి, కాలితో గట్టిగా తొక్కాను.