కడుక్కోకుండా రమ్మన్న మేడమ్

మేడమ్ పోయారని సోమవారం డ్యూటీకి రాగానే ఫోన్ వచ్చింది. "అలాగా" అన్నాను. ఫోన్ పెట్టేసి పనిలో పడ్డాను. ఈ మధ్య ఏడవడానికి కూడా ఓపిక ఉండటం లేదు.

ఆవిడ పేరు మీరు విని ఉండరు. బయోకెమిస్ట్రీ ప్రొఫెసర్. గర్భసంచి ముఖం దగ్గర ఊరే ద్రవంలో క్రిముల్ని చంపే బుల్లి బుల్లి ప్రోటీన్లు ఉంటాయి. అవి కొందరిలో ఎందుకు తగ్గిపోతాయో కనుక్కోవడమే ఆవిడ పని. నేను ఆ ప్రాజెక్టు నర్సుని. దూదిపుల్లతో శాంపిల్ తీసి ఐస్ పెట్టెలో పంపేదాన్ని.

మొదటి ఆరు నెలల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే. శాంపిళ్లలో ఏమీ దొరకలేదు. తీరా ఆరా తీస్తే, డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నామని అందరూ లోపలిదాకా సబ్బుతో కడిగేసుకుని వస్తున్నారు! సముద్రం ఒడ్డున ఉన్న యారాడ నుంచి వచ్చిన, చేపలమ్మే అక్క మీద గట్టిగా అరిచేశాను.

"మురిగ్గా ఎలా వత్తామమ్మా? సిగ్గు కాదేటి?" అందామె తల దించుకుని.

మేడమ్ నన్నేమీ అనలేదు. ఆదివారం నన్ను వెంటబెట్టుకుని యారాడ వెళ్లి, ఆ అక్క గుమ్మంలో చతికిలబడ్డారు. మేడమ్‌దీ పల్లెటూరే, శ్రీకాకుళం వైపు.

"అది మురికి కాదమ్మా, కాపలా. దొంగెవుడో, కాపలావోడెవుడో సబ్బుకి తెల్దు కదా" అన్నారు. చుట్టూ చేరిన ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. లేస్తూ, నేను అరిచినందుకు మేడమ్ ఆ అక్కకి క్షమాపణ చెప్పారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మేడమ్ టీ పూర్తిగా చల్లారితే గానీ తాగేవారు కాదు. "డబ్బీ మీద నంబరెయ్యి. మనిషిని మాత్రం నంబరుతో పిలవకు" అనేవారు.

ఇప్పుడు ప్రాజెక్టు ఉంటుందో ఊడుతుందో ఎవరూ చెప్పడం లేదు. మానేద్దామనే అనుకున్నాను. గురువారం ఆ అక్క రెండో శాంపిల్ ఇవ్వడానికి వచ్చింది. కబురు తెలియదు. చెప్పగానే బల్ల మీద కూలబడి ఏడ్చింది. ఆమెను చూశాకే నాకూ ఏడుపొచ్చింది.

"ఈ రోజుకి వెళ్లిపో అక్కా. నా వల్ల కాదు."

"నాను ఎల్లిపోతే ఆ అమ్మ మొదలెట్టిన పనేటయిపోద్ది? కడుక్కోకుండానే వొచ్చినాను. నువ్వు తియ్యి."

తెర లాగాను. ఆమె పడుకుని గోడవైపు తిరిగింది. కన్నీళ్లు చెంప మీదుగా దిండులోకి జారుతున్నాయి. తుడుచుకోవడం లేదు. నేను గ్లౌజులు తొడుక్కున్నాను.