అక్క ఊపిరితిత్తిలో మచ్చ

చర్చిలో అతన్ని అందరూ టార్చిలైటు అంటారు. ఎదురుగా అనరు, వీపు తిప్పగానే అంటారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు లెండి. ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో ఇరవై రెండేళ్ళుగా మనుషుల ఎముకల మధ్య లోపాలు వెతికే మనిషికి బయటికొచ్చాక మాత్రం కళ్ళు ఊరుకుంటాయా? ప్రార్థన చేయించుకున్నాక నడుము నొప్పి ఎగిరిపోయిందని ఎవరైనా లేచి సాక్ష్యం చెబితే సభంతా స్తోత్రం అంటుంది. ఇతను మాత్రం ఆ మనిషి కూర్చునేటప్పుడు బల్ల పట్టుకున్నాడా లేదా అని చూస్తాడు. పట్టుకున్నాడో, ఇంటికెళ్ళేదాకా అదే గొణుగుడు. భక్తి లేదని కాదు. ఆదివారం తప్పడు, పాటలో గొంతు కలుపుతాడు. ఆశ్చర్యపడమంటేనే అతని వల్ల కాదు. ఆశ్చర్యపోయేవాళ్ళందరూ ఏదో దాస్తున్నారని అతని గట్టి నమ్మకం.

అలాంటివాడికి చివరికి సొంత అక్కే దొరికింది.

అక్క దర్జీ. స్కూలు యూనిఫారాలు కుడుతుంది. అమ్మ పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. పెళ్ళి మాట ఎత్తితే చేతినిండా పనుందని కొట్టిపారేసేది. ఇప్పటికీ ఇంట్లో ముందుగది ఆవిడది, వెనక గదులు తమ్ముడివీ మరదలివీ. రెండు నెలల కిందట దగ్గు ఎంతకీ తగ్గకపోతే తమ్ముడే ఫొటో తీశాడు. కుడి ఊపిరితిత్తి పైభాగంలో తెల్లటి మచ్చ. నెలరోజులు మందులు వాడి మళ్ళీ రమ్మని, అప్పటికీ పోకపోతే సూదితో ముక్క తీసి పరీక్ష చేద్దామని డాక్టరు చెప్పాడు. నెల తిరక్కముందే ఆవిడ చర్చిలో లేచి నిలబడి, దగ్గు పోయింది, దేవుడు మచ్చ తుడిచేశాడు అని చెప్పేసింది. ఆ చర్చిలో అదో అలవాటు. మేలు జరిగాక కృతజ్ఞత ఎవరైనా చెబుతారు, జరగకముందే చెబితేనే అసలు విశ్వాసం అనుకుంటారు. పాస్టరు అలా చెప్పమని ఎవరికీ చెప్పలేదు. వీళ్ళే ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారు. నెల దాటింది, రెండు నెలలైంది, అక్క ఆసుపత్రి గుమ్మం తొక్కలేదు.

టార్చిలైటు ఊరుకుంటాడా? అక్క బాత్రూంలోకి వెళ్ళగానే కుళాయి అంత ధారగా ఎందుకు తిప్పుతోంది? గుడ్డ లేకుండా కుట్టుమిషను ఖాళీగా ఎందుకు గడగడలాడుతోంది? పైఅరలో పెట్టిన దగ్గుమందు తనంతట తనే ఎలా తగ్గుతోంది? సీసా మీద పెన్సిలుతో గీత కూడా పెట్టాడు మహానుభావుడు. రెండు రోజుల్లో మందు గీత కిందికి దిగింది.

"సొంత అక్క మీద ఈ నిఘా ఏంటండీ, సిగ్గులేకుండా," అంది భార్య.

"నువ్వు తాగావా?"

"నేనెందుకు తాగుతాను?"

"మరి సీసాయే తాగేసిందా?"

మర్నాడు పొద్దున బట్టలు ఆరేస్తూ భార్యే అక్క చేతిరుమాలు ఒకటి తెచ్చి అతని చేతిలో పెట్టింది. అంచున, ఎంత ఉతికినా పోని గోధుమరంగు నెత్తుటి మరక. అనుమానం నిజమైతే సంబరపడే మనిషి, ఆ రోజు అది అబద్ధమైతే బావుండుననుకున్నాడు.

ముందుగదిలో అక్క కాజాలు కుడుతోంది. రుమాలు ఆవిడ ముందు పెట్టాడు.

"దగ్గు పోయిందన్నావు కదక్కా."

"అసలు ఆగలేదురా." ఆవిడ తలెత్తలేదు.

"మరి అందరి ముందూ అలా ఎందుకు చెప్పావు?"

"చెబితే అవుతుందనుకున్నాను. ఇప్పుడు ఫొటోకి వస్తే, చెప్పిన మాట నేనే నమ్మనట్టు కాదూ? దేవుడికి మొహం ఎలా చూపించను?"

"ఆయనకి ఎక్స్‌రే అంటే భయమా?"

సూది ఆగింది. "నాకు భయం," అంది అక్క.

"నాకూ భయమే. నువ్వు పోతే నాకు అమ్మ రెండోసారి పోయినట్టు."

అక్క దారం కొరికి, లేచి చెప్పులేసుకుంది.

ఎక్స్‌రే గదిలో చల్లటి పలకకు ఛాతీ ఆనించి నిలబెట్టాడు. ఊపిరి బిగబట్టమంటే దగ్గు తన్నుకొచ్చింది. మూడోసారికి గానీ కుదరలేదు. తెర మీద బొమ్మ వచ్చింది. మచ్చ ఎక్కడికీ పోలేదు. పెరిగిందో లేదో చెప్పడం అతని పని కాదు, అయినా పెరిగింది. తెర పక్కకు తిప్పబోయేసరికి అక్క వెనకే నిలబడి ఉంది.

"ఇవి నా ఎముకలేనా?"

"నీవే."

"రెండు పక్కలా ఎంత సమంగా ఉన్నాయిరా. ఇన్నేళ్ళు కుట్టినా, చొక్కాకి రెండు చేతులూ ఒక్కలా రావాలంటే నాకు తల ప్రాణం తోకకొస్తుంది. మధ్యలో ఇదేంటి?"

"గుండె."

ఆవిడ పిడికిలి బిగించి, బొమ్మ పక్కన పెట్టి చూసుకుంది. "మనం పడుకున్నా ఆగదు కదూ ఇది. నా మిషనులా ఎవరూ తొక్కక్కర్లేదు."

అతనికి ఒళ్ళు మండింది. మాట మారుస్తోంది. అసలు మచ్చ చూడకుండా తప్పించుకోవడానికే ఈ ఆశ్చర్యమంతా. చర్చిలో వాళ్ళు చేసేదీ ఇదేగా. గట్టిగా ఓ మాట అనేద్దామని నోరు తెరిచాడు. ఈలోగా ఆవిడ వేలు నేరుగా వెళ్ళి మచ్చ మీద ఆగింది.

"ఇదేగా?"

"అదే."

"సరే. తుడిచేశాడన్నది నా నోటికొచ్చిన మాటని ఆదివారం లేచి చెబుతాను. మిగతాది కూడా చెబుతాను, ఇదంతా." అరచేత్తో బొమ్మ చుట్టూ చూపించింది. "నువ్వు రోజూ ఇవే చూస్తావా?"

"రోజుకి నలభై."

"మరి ఇంటికొచ్చి ఒక్కరోజైనా చెప్పలేదేం?"

ఎక్కడ విరిగింది, ఎక్కడ పుచ్చింది అనే చూశాడు ఇన్నాళ్ళూ. మిగిలినదంతా అతని లెక్కలో ఏమీ లేనట్టే.

"ఆ సూది పరీక్ష ఇవాళే చేస్తారేమో అడిగిరా," అంది అక్క. "రేపంటే నేను రాను. నా సంగతి నాకు తెలుసు."

పరుగున వెళ్ళి డాక్టరుతో ఇవాళ్టికే చీటీ రాయించుకొచ్చాడు. అక్క ఇంకా తెర ముందే ఉంది. పెదవులు కదులుతున్నాయి. దేవుడితో ఏం బేరం పెడుతోందో అని అలవాటు కొద్దీ చెవి ఒగ్గాడు. ఆవిడ ఏమీ అడగడం లేదు. "ఎంత బాగా చేశావయ్యా," అంటోంది, అంతే. అతను చీటీ జేబులో పెట్టుకుని ఆవిడ పక్కన నిలబడ్డాడు. మచ్చను వదిలేసి, మొదటిసారి గుండెను చూశాడు.