గ్రేటింగుకు మూత వేయకుండానే పోయిన పెద్దసారు

పెద్దసారు ఆదివారం పొద్దున కమలాపురంలో, చర్చికి పోదామని చొక్కా తొడుక్కుంటూ కుప్పకూలి పోయారని ఫోను వచ్చింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. గ్రేటింగును పెట్టెలో కూర్చోబెట్టి, "మూత సోమవారం నేనే బిగిస్తా, ఎవురూ ముట్టగాకండి" అని చెప్పి వెళ్లిన మనిషి చేసే పనేనా ఇది?

కడప బయట మా షెడ్డులో, పెద్దసారు చేతికింద తయారయ్యేవి స్పెక్ట్రోగ్రాఫులు. కొండమీది పెద్ద టెలిస్కోపు పట్టిన నక్షత్రపు వెలుగును రంగులుగా విడగొట్టే పెట్టెలు. విడగొట్టేది గ్రేటింగు, కంటికి ఆనని గీతలు గీసిన అద్దం. దానిమీద పొగ పట్టినా, వేలు తగిలినా తుడవడానికి లేదు. తుడిస్తే గీతలే పోతాయి. ఇంకోటి వచ్చేదాకా టెలిస్కోపువాళ్లు ఆగరు. మా షెడ్డుకు తాళమే.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. నాకు చేతకాదు. పెళ్లైన వారానికి పనిలోకి వస్తే, గుమ్మంలోనే ఆపి నా జడలో మల్లెపూలు తీయించారు. ముఖం కడిగించారు.

"యాడినుంచో వచ్చే వెలుగమ్మా అది. వచ్చి వచ్చి నీ పౌడరు కాడ ఆగిపోవాల్నా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వును నేను మరిచిపోలేదు, ఆయన్ను క్షమించనూ లేదు.

ఆయుధపూజ నాడు ఇంకా ఘోరం. లేతు మిషన్లకు బొట్లు పెట్టుకోనిచ్చేవారు కానీ, దుమ్ము చొరబడకూడని క్లీన్‌రూము తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చునేవారు. కిరస్తానపాయన కదా, మన పూజ గిట్టదని గొణుక్కున్నాం. క్రిస్మస్‌కు వాళ్ల పాస్టరుగారు కొవ్వొత్తితో వస్తే ఆయన్నీ ఎండలోనే నిలబెట్టారు. "బయటినుంచి చేసినా దేవునికి ఇనపడతాది లే అయ్యగారూ," అన్నారు. తిట్టుకోవడానికి మాకు ఆ సాకు కూడా మిగల్చలేదు.

మెచ్చుకోవడం ఆ నోటికి తెలీదు. నేను లెన్సు బిగిస్తే వంగి చూసి, "ఊఁ, ఉండనీ" అనేవారు. ఆ ముక్క కోసమే ఇన్నేళ్లు పడి ఉన్నానా అని నామీద నాకే చిరాకు. పని మాత్రం నేర్పారు. ఇవాళ నేను తింటున్న అన్నం ఆ చేతులు నేర్పిన పనిదే, కాదనను.

సోమవారం నేను కోటు, మాస్కు తొడుక్కుని క్లీన్‌రూములోకి పోయేసరికి షెడ్డు ఓనరు పెద్దసారు ఫోటోకు చామంతి దండ వేసి, తెరిచిన పెట్టె పక్కనే నిలబెట్టి ఉన్నాడు. చేతిలో అగరబత్తీలు, అగ్గిపెట్టె. వెనక మావాళ్లంతా, గుడికి వచ్చినట్టు చెప్పులు మాత్రం విడిచి వచ్చారు.

"ఆయప్ప ప్రాణమంతా ఈ పెట్టెలోనే ఉండె. ఈడనే వెలిగిస్తాం," అన్నాడు ఓనరు.

"పుల్ల గీసినారంటే మర్యాద దక్కదు సార్."

"ఏమ్మా, మనిషి పోయినాడు. నీకు మనసుండాదా?"

"ఉండాది. బయట పెట్టి వచ్చినా. మీరూ బయటికి పోయి ఏడ్చండి."

ఫోటో లాక్కుని, అందరినీ వెళ్లగొట్టి తలుపు వేశాను. గ్రేటింగు మీద ఏమీ పడలేదు. మూత నేనే బిగించాను.

తర్వాత ఫోటోను బయటికి తెచ్చి, ప్రహరీగోడ కింద నాపరాయి మీద పెట్టి, అగరబత్తి నేనే వెలిగించాను. "ఏం తొందరొచ్చింది సార్ మీకు?" అని నోరారా తిట్టాను. పొగ షెడ్డు వైపు తిరిగినప్పుడల్లా అట్టముక్కతో రోడ్డు వైపుకు విసురుతూ, అది ఆరిపోయేదాకా ఎండలో అక్కడే కూర్చున్నాను.