జొన్న పాతరలో పాడిన ప్లేటు

ముందు పోయినవాటి లెక్క చెప్తాను. గ్రామఫోను పెట్టె ఒకటి, దాని ఇత్తడి బూర ఒకటి. గొర్రెలు పద్నాలుగు. జొన్నలు ఏడు బస్తాలు. పగిలిన పాట ప్లేట్లు తొమ్మిది. ఆ రోజు మా ఊళ్లో ప్రాణం మాత్రం ఎవరిదీ పోలేదు. పోవలసిన ఒక్క ప్రాణం నాది.

గొర్రెల మందను లెక్కపెడుతూ ఎక్కాలు సొంతంగా నేర్చుకున్నవాడిని. కూడితే తేలనిదాన్ని నేను నమ్మను. ఎవరికైనా దయ్యం పట్టిందంటే, ముందు ఒళ్లు పట్టి జ్వరం ఉందేమో చూడమనేవాడిని. ఇప్పటికీ నా బుద్ధి అదే.

మాది మక్తల్ దగ్గర మెట్ట ఊరు. అవి నైజాం రాజ్యం చివరి రోజులు. పెళ్లిళ్లకు గ్రామఫోను తీసుకుపోయి పాటలు వినిపించేవాడిని. ఆ ప్లేట్లు లక్కతో చేసినవి. ఎండకు అప్పడంలా వంగుతాయి, కిందపడితే కుండలా పగులుతాయి. అరిగిన సూది పాటను గీకేస్తుంది కాబట్టి ఒక సూదిని ఒక వైపుకే వాడేవాడిని. దుమ్ము తుడిస్తే గాడి వెంబడే తుడవాలి, అడ్డంగా కాదు. ప్లేటు కింద కాగితం ముక్క పెట్టి, నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు వస్తున్నాయా అని గడియారం చూస్తూ లెక్కపెట్టేవాడిని. చుట్లు తగ్గితే ఆడగొంతు మగగొంతయిపోతుంది.

"మా అక్క మొకం దిక్కు జూడడు గానీ, ప్లేట్లను మాత్రం పసిపోరల తీరు తుడుస్తడు" అని మా బామ్మర్ది మల్లయ్య నవ్వేవాడు.

మండు వేసవిలో పెంకుటింట్లో ప్లేట్లు నిలవవు. అందుకని పెరట్లో ఖాళీగా ఉన్న జొన్న పాతరలో, పడుకోబెట్టి, మధ్యమధ్య గుడ్డ వేసి దాచాను. పాతర అంటే ధాన్యం దాచే లోతైన గొయ్యి. మూతి ఇరుకు, కడుపు వెడల్పు, పైన మూయడానికి బండ. దిగే ముందు దీపం దించి చూడాలి. అది ఆరిపోతే లోపలి గాలి మనిషికి పనికిరాదని అర్థం. ఆ మధ్యాహ్నం దీపం నిలిచే వెలిగింది. దిగాను.

ఆ ఏడాది ఊళ్ల మీద పడి దోచుకునే గుంపులు తిరుగుతున్నాయి. నేను లోపల ప్లేట్లు సర్దుతుండగా పైన కేక వినపడింది: "వస్తున్నరు, ఉరుకుండ్రి!" మల్లయ్య పరుగున వచ్చి, తెరిచి ఉన్న పాతర చూసి, లోపల జొన్నలున్నాయనుకుని బండ నెట్టాడు. దాని మీద జొన్నచొప్ప కట్టలు వేసి, ఊరివాళ్లతో గుట్టకు పోయాడు. నేను లోపలున్నానని అతనికి తెలియదు. నా భార్య లచ్చమ్మ నేను గొర్రెల దగ్గర ఉన్నాననుకుంది.

అరిచాను. ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. కాసేపటికి పైన తెలియని చెప్పుల చప్పుడు. నోరు మూసుకున్నాను. మా గడపకు ఇత్తడి బూర తగిలి గణగణమనడం విన్నాను. గ్రామఫోను పోతోందని తెలిసింది. దగ్గు వస్తే పంచె నోట్లో కుక్కుకున్నాను.

వాళ్లు పోయాక గోడకున్న గూళ్లలో కాళ్లు పెట్టి పైకెక్కి, తలతో, ఒక చేత్తో బండను నెట్టాను. కదల్లేదు. కాలు జారి ప్లేట్ల మీద పడ్డాను. అవి నా కింద పటపటా విరిగాయి. మళ్లీ ఎక్కే బలం లేదు. దీపం మంట చిన్నదైంది. చూస్తుండగానే ఆరిపోయింది.

ఆ చీకట్లో అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. తొంభై దాకా గుర్తుంది. తరువాత అంకెలు వరుస తప్పాయి. నాకు అలా జరగడం అదే మొదటిసారి.

మిగిలింది మావాళ్లు చెప్పిందే. పొద్దు గూకే వేళ అందరూ తిరిగొచ్చారు. నా కోసం వెతుకుతూ లచ్చమ్మ, మల్లయ్య, పక్కింటి ఎల్లమ్మ పెరట్లోకి వచ్చారు. జోలపాట వినపడింది. నా దగ్గరున్న ప్లేటులోదే. దాని మీద ఒక గీత ఉండేది. ప్రతి చుట్టుకూ టక్కుమనేది. ఊరంతా దాన్ని ఆ టక్కుతోనే గుర్తుపట్టేది.

"అక్కా, పెట్టె ఎత్కపోయిండ్రు గద. గీ పాట ఏడికెల్లి వస్తాంది?" అన్నాడట మల్లయ్య.

"సొప్ప కిందికెల్లి. టక్కు లేకుండ ఎంత సాఫుగ పాడుతాందో!" అని లచ్చమ్మ ఒక కట్ట పక్కకు లాగింది. "గా పాతర ఎవరు మూసిండ్రు రా?"

"నేనే అక్కా."

ముగ్గురూ కలిసి బండ లాగారు. లాగగానే పాట ఆగిందట.

తెలివి వచ్చాక ముగ్గురినీ విడివిడిగా అడిగాను. ముగ్గురూ ఒకే చరణం పాడి చూపారు. టక్కు లేదని ముగ్గురూ అన్నారు. నేను మాత్రం లోపల ఏ పాటా వినలేదు. అప్పటికి మా ఊళ్లో గ్రామఫోనే లేదు. ఇంకొకటి ఉంటే మక్తల్‌లో ఉండాలి. ఇక ఆ జోలపాట ప్లేటు నా వీపు కింద మూడు ముక్కలై దొరికింది.

"ఎవరు పాడిచ్చిండ్రో గానీ, వాళ్లకు నువ్వొక పాట బాకీ" అంది లచ్చమ్మ, నాకు గంజి తాగిస్తూ.

తరువాత ఇంకో పెట్టె కొన్నాను. ఎన్నో పెళ్లిళ్లలో పాడించాను. ఆ జోలపాట ప్లేటు మాత్రం మళ్లీ ఎక్కడా దొరకలేదు. దొరికినా ఎవరికి వినిపించాలో నాకు తెలియదు. అన్ని లెక్కలూ తేలాయి. ఇదొక్కటి నా మీద అలాగే ఉంది: ఒక ప్లేటు, ఒక వైపు, మూడు నిమిషాలు.