గోడ మీద పారాణి

మా కింది అంతస్తులో ఉండే, నేను తమ్ముడూ అని పిలిచే పెయింటరు పోయాడని మొన్న పొద్దున మా అమ్మాయి చెప్పింది. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడట. నాకు ముందే ఎందుకు చెప్పలేదంటే, "చెప్తే నువ్వు కూడా అడ్మిట్ అయ్యేదానివమ్మా" అంది. నిజమే. పెద్దగా చదువుకున్నదాన్ని కాదు గానీ, అతని గురించి నాలుగు ముక్కలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

శ్రీకాకుళం వైపు మనిషి. సింగపూరు షిప్‌యార్డులో రంగులేయడానికి వచ్చి, ఇక్కడే పెళ్ళి చేసుకుని బుకిట్ పంజాంగ్‌లో స్థిరపడ్డాడు. ఏ ఇంటికి వెళ్ళినా ముందు గోడని వేళ్ళతో తట్టి చెవి పెట్టి వినేవాడు. డొల్లగా మోగిన చోట గీకేవాడు. "రంగు ఆఖరి పనక్కా. అంతకుముందంతా గోడ పనే" అనేవాడు.

మూడేళ్ళ కిందట అమ్మాయి కాన్పుకి వెళ్తూ పాపాయి గది అతనికి అప్పజెప్పింది. తేమకి ఊడిన పెచ్చులన్నీ గీకి, సిమెంటు పుట్టీ పెట్టి, ఆరనిచ్చి, గరుకు కాగితంతో రుద్దాడు. నేను వెనకాలే తిరిగాను. దుమ్ము పోతుందా, వాసన పోతుందా, మళ్ళీ ఊడుతుందా అని.

"ఈ గోడ కంటే నీ నుదుటి మీదే గీతలెక్కువున్నాయక్కా. పుట్టీ పెట్టమంటావేటి?" అనేవాడు.

అతను భోజనానికి దిగినప్పుడు, ఉయ్యాల వచ్చే చోట గోడకి పొడి పసుపుతో ఐదు బొట్లు పెట్టాను. పసిబిడ్డ వచ్చే గది, ఊరికే ఉండబుద్ధి కాలేదు. అంతలో అడుగుల చప్పుడు. కోప్పడతాడేమోనని కొంగుతో దులిపేశాను. అతను చూడలేదు, రంగు వేసేశాడు.

మర్నాడు చూద్దును కదా, తెల్లరంగులోంచి ఐదు ఎర్రమరకలు. పాప ఇంటికొచ్చే రోజు అదే. బిడ్డకేదో కీడని గోడే చెప్తోందనిపించింది. అతనికి ఫోన్ చేసి, "తమ్ముడూ, పాపని ఇవాళ తేవొద్దని చెప్పనా?" అన్నాను.

పైకొచ్చాడు. మరకల్ని చూశాడు, నన్ను చూశాడు.

"ఏటి పెట్టావక్కా?"

"పసుపు."

"సిమెంటులో సున్నం గుణముంటాది. సున్నంలో పసుపు పడితే ఏటవుతాది?"

"పారాణి" అన్నాను మెల్లగా.

"మరి పారాణి చూసి భయమేటి? నీ పెళ్ళికి కాళ్ళకి రాసుకోనేదా?"

మరకలు గీకి, మళ్ళీ పైకి రాకుండా ప్రైమరు వేసి, ఆరాక రెండు పూతలు రంగు వేశాడు. వాసన పోయేదాకా పాపని నా గదిలో పడుకోబెట్టమన్నాడు. అమ్మాయి అడిగితే, "గోడ తడి లాగిందమ్మా" అన్నాడంతే. నా సంగతి ఎన్నడూ బయటపెట్టలేదు. మొన్న నేనే చెప్తే అమ్మాయి నవ్వింది, తర్వాత కళ్ళు తుడుచుకుంది.

మరకలు గీకిన ఆ సాయంత్రమే పాప వచ్చింది. ఎంత రమ్మన్నా అతను లోపలికి రాలేదు, ఒంటినిండా గోడ దుమ్మని. చేతులు వెనక్కి కట్టుకుని, గుమ్మం అవతలే నిలబడి, మెడ మాత్రం లోపలికి చాచి చూశాడు. ముక్కు మీద తెల్లరంగు చుక్క ఉందని అతనికి తెలియదు. మేమెవరమూ చెప్పలేదు.