తువ్వాలు కింది బేరం

పట్టాళంలో ఫిరంగుల దగ్గర పన్నెండేళ్ళు పనిచేసి ఇంటికి వచ్చేసరికి నా ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి దగ్గర అరిస్తే కొంత అందుతుంది. అంగవైకల్యం పింఛనుకు అర్జీ పెట్టాను. బెజవాడ డాక్టరు పరీక్ష చేసి రాసిచ్చాడు కూడా. అయినా పంతొమ్మిదివందల అరవై ఒకటిలో కుదరదని ఉత్తరం వచ్చింది. అర్జీదారు నూజివీడులో మామిడికాయల బేరాలు ఎవరి సాయమూ లేకుండా చేసుకుంటున్నాడు గనుక చెవుడు నమ్మదగింది కాదట.

పింఛను పోతే పోయింది. నేను అబద్ధాలకోరునని కాగితం మీద ఎక్కించారు. అది మాత్రం మింగలేకపోయాను.

మా దగ్గర బేరానికి చెవులతో పనిలేదు. అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాలు కింద చేతులు కలుపుతారు. ఎన్ని వేళ్ళు, ఎక్కడ నొక్కితే ఎంత ధరో వాళ్ళిద్దరికే తెలుస్తుంది. ఈ సంగతి దాచి, బేరం మాట మాత్రం చెప్పిందెవరు? విచారణకు వచ్చిన రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, అదే ఆర్.ఐ., మా కాయలు కొనే షావుకారు కొట్లో కూర్చుని సోడా తాగాడని మా ఆవిడ చెప్పింది. కిందటేడు నా తోటలోని చిన్న రసాల కాయలు ఆ షావుకారుకివ్వకుండా రెడ్డిగూడెం వాళ్ళకిచ్చాను. నాకింకేం సాక్ష్యం కావాలి?

నేరుగా కొట్టుకే వెళ్ళాను. బేరం వేళ్ళతోనే జరుగుతుందని రాసి సంతకం పెట్టమన్నాను.

షావుకారు నా కుడిచెవి దగ్గరికి వంగాడు. "ఏంటండీ మిలట్రీ గారూ! అది కాగితమెక్కితే రేపట్నించి ఊరంతా చదువుకోదూ? మా గుట్టు మీ పింఛనుకి బలిపెట్టమంటారా?"

"ఆర్.ఐ.కి చెప్పింది మీరేనా?"

"నేను సోడా ఇచ్చానండీ, అంతే."

అంటూ నవ్వాడు. ఆ నవ్వు నాకు ఈనాటికీ గుర్తే.

మర్నాడు ఆర్.ఐ. చాట్రాయిలో ఉన్నాడని తెలిసి వెళ్ళాను. పదిమంది ముందు నా తువ్వాలు అతని చేతి మీద కప్పి వేళ్ళు పట్టుకున్నాను.

"ఏంటయ్యా ఇది? వదులు!" అని నా కుడిచెవి దగ్గరే అరిచాడు.

"వందకాయల ధర చెబుతున్నానండీ. మీకేమైనా వినపడిందా?"

నాలుగుసార్లు నొక్కి, ఒక్కోదానికీ అర్థం చెప్పాను. చివరికి అతనే నా వేళ్ళు నొక్కి ధర అడిగాడు. తన రిపోర్టు తప్పని రాయడానికి చాలాసేపు గింజుకున్నాడు గానీ, రాశాడు. ఏడాది తిరిగాక పింఛను మంజూరైంది.

ఈలోగా ఆ వేసవి కాయలు మార్కెట్టులో పోగుపోసి తువ్వాలు పరిచాను. షావుకారు చేతులు వెనక్కి కట్టుకుని నోటితో ఏదో చెప్పాడు. మళ్ళీ చెప్పాడు. అతని పెదవులు కదలడం తప్ప నాకేం తెలియలేదు. మిగతా కొనేవాళ్ళూ అంతే. గుట్టు విప్పినందుకు శిక్షన్నమాట. కాయలన్నీ బండిలో తిరిగొచ్చాయి.

రెండోరోజు మా ఆవిడను వెంట తీసుకెళ్ళాను. షావుకారు మెల్లిగా గొణిగాడు. ఆవిడ నా చెవిలో మార్కెట్టంతా అదిరేలా అరిచింది: "ఏవండీ! కిందటేడు ధరలో సగమంటున్నాడండీ!"

పక్కపోగుల రైతులు బేరాలాపి ఇటు తిరిగారు. "మాకెక్కువ చెప్పావే షావుకారూ, మిలట్రీ ఏం పాపం చేశాడు?" అని ఎవరో అడిగారట, ఆవిడే చెప్పింది.

షావుకారు మొహం కందిపోయింది. గబగబా తువ్వాలు కింద చెయ్యి పెట్టాడు. నేను వెంటనే పట్టుకోలేదు. అందరూ చూసేదాకా అతని చేతిని అలాగే ఉంచాను.