నేను కలుపు తీసిన ఫైలు

వంద మంది దొంగలు వంద రోజులు కష్టపడినా చేయలేని నష్టాన్ని నేనొక్కణ్ణే, ఫ్యాను కింద కూర్చుని, టీ తాగుతూ, అరగంటలో చేశాను. ఎవరి మీదా కోపంతో కాదు, సాయం చేద్దామని. మూడేళ్ళయింది. మీరు చదివి నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు.

ముందు నా సంగతి. నలభై రెండేళ్ళు వచ్చేదాకా నాది వేలిముద్ర. ఆ తర్వాత వయోజన విద్యలో అక్షరాలు దిద్దాను. కరువులో అన్నం దొరికినవాడు ఎట్లా తింటాడో నేనట్లా చదివాను. బస్సు బోర్డు, సిమెంటు గోడ, మందు సీసా మీద చీటీ, ఏదీ వదల్లేదు. ఎక్కడైనా తప్పు అక్షరం కనిపిస్తే రాసినవాణ్ణి వెతుక్కుంటూ పోయి తిట్టి వచ్చేవాణ్ణి. కొత్తగా టోపీ పెట్టుకున్న పోలీసు కూడా అంత తిరగడు. నాకు చదవరానిది ఏదైనా ఉందంటే అది రాసినవాడి తప్పేనని నా నమ్మకం.

ఇక దొరస్వామి వాద్యారు. వాద్యారంటే మా పక్క వీధినాటకం నేర్పే గురువు. ఐదారు ఊళ్ళ వేషగాళ్ళకు ఆయనే దిక్కు. నాటకం మొత్తం ఆయన నోట్లోనే ఉండేది; వెనక నుంచి ఆయన అందిస్తేనే వేషగాళ్ళు పాడేది. కాగితం లేదు, ఆయనకు అక్షరమూ రాదు. అట్లాంటి మనిషికి గొంతులో గడ్డ లేచింది. తిరుపతి డాక్టర్లు గొంతుపెట్టె తీసేయాలన్నారు. ప్రాణం ఉంటుంది, మాట ఉండదు. నెల గడువు.

ఆసుపత్రి మెట్ల మీదే నా చెయ్యి పట్టుకున్నాడు.

"రేయ్ మునస్వామీ, నా నోట్లో ఉండేదంతా దించెయ్‌రా. ఇది నాతోనే మూగదైపోతే మా గురువుకి ఏం జవాబు సెప్పేది?"

"నేనుండా కదా వాద్యారూ! ఒక్క అక్షరం జారనిస్తానా?"

పూతలపట్టు కూడలిలో టైపు అంగడి నడిపే సరోజ నా మేనకోడలు. ఆ నెలంతా పొద్దున్నే వాద్యారు వచ్చి కూర్చుని చెప్పేవాడు, సరోజ టైపు కొట్టేది. నేను పక్కన కూర్చుని దీర్ఘాలు కాపలా కాసేవాణ్ణి. ఫోన్లో రికార్డు చేయలేకపోయారా అంటారేమో. చేశాం. అప్పటికే ఆ గొంతు రంపపు మిల్లు. పెదాలు చూస్తూ వింటే తప్ప మాట తెలిసేది కాదు.

ఆపరేషన్ అయింది, మాట పోయింది. ఆ వారమే కరెంటు దెబ్బకు కాలి సరోజ కంప్యూటరు కూడా పోయింది. ముందురోజే ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసి ఉంచింది కాబట్టి బతికాం అనుకున్నాం. రేణిగుంట నుంచి పాత కంప్యూటరొకటి తెచ్చి పెట్టుకుని, మర్నాడు చుట్టాల పెళ్ళికి పోతూ అంగడి తాళం నాకిచ్చింది.

"మామా, రేపొస్తా. కంప్యూటర్ని మాత్రం తాకొద్దు."

"నాకేం పనమ్మా దాంతో!"

తాకాను. ఎందుకంటే కాసేపటికి వాద్యారు వచ్చాడు. గొంతుకు తువ్వాలు చుట్టుకుని, కంప్యూటరు వైపు వేలు చూపించి, కళ్ళతో అడిగాడు. తన నాటకం చూడాలట. కాదనడానికి నాకు నోరు రాలేదు. పెన్‌డ్రైవ్ పెట్టి తెరిచాను.

ఒక్క తెలుగక్షరం లేదు! తెర నిండా వింత గుర్తులు, పురుగులు పాకినట్టు. పాపం, వాద్యారుకు తెలియదు కదా, ఆ పురుగులకే భక్తిగా దండం పెట్టుకున్నాడు.

దగ్గరికి పోయి చూస్తే ఒకటి గమనించాను. తల మీద వాలుగీత ఉన్న ఇంగ్లీషు 'ఎ', దాని పక్కనే చిన్న సున్నా. ఈ జంట ప్రతి రెండు అడుగులకూ కనిపిస్తోంది. వేరుశనగ చేలో తుంగ గడ్డిలాగా! ఓహో, ఇదేదో చీడ, దీని కిందే మన తెలుగు అణిగిపోయి ఉంది అనుకున్నాను. తప్పుల్ని మూకుమ్మడిగా మార్చే మీట సరోజే నాకు నేర్పింది. ఆ జంటను కాపీ చేసి, వెతుకు గడిలో పెట్టి, దాని బదులు ఏమీ వద్దని చెప్పి, 'రీప్లేస్ ఆల్' నొక్కాను. వేలకు వేలు ఊడిపోయాయి. ఆహా, ఏం సుఖం!

తెలుగు బయటపడలేదు. మళ్ళీ చూస్తే ఇంకో జంట: అదే 'ఎ', పక్కన కూడికా తీసివేతా కలిసిన గుర్తు. దాన్నీ పీకేశాను. ఇంకా తెలుగు రాలేదు. మూసి తెరిస్తే మొలుస్తుందేమోనని రెండుసార్లు సేవ్ కొట్టి మూశాను. ఇంతసేపూ నాటకం సొంతదారు నా పక్కనే కూర్చుని, నా పనితనానికి తల ఊపుతున్నాడు.

తెరిస్తే ఏమీ మొలవలేదు. సరోజకు ఫోన్ చేశాను.

"అమ్మా, నీ మిషన్‌కి చీడ పట్టిండె. నేను శుభ్రంగా ఏరిపారేసినా."

"ఏం ఏరినావు మామా?"

చెప్పాను. అవతల నాదస్వరం దూరమైంది, పందిరి దాటి బయటికొచ్చినట్టుంది.

"సేవ్ కొట్టినావా?"

"రెండు తూర్లు."

"మామా, నువ్వు ఆ కుర్చీలోంచి లెయ్. గోడకి ఆనుకోని నిలబడు. నేనొచ్చేదాకా దేన్నీ ముట్టుకోవద్దు."

సాయంత్రానికే వచ్చేసింది, పెళ్ళి చీరతోనే. ఎక్కిళ్ళ మధ్య నాకు పాఠం చెప్పింది.

"కంప్యూటరుకి అక్షరాలు తెలీవు మామా, అంకెలే తెలుసు. ఒక్కో తెలుగక్షరానికి మూడంకెలు. అడ్రసు మాదిరి అనుకో. మొదటిది ఊరు, రెండోది వీధి, మూడోది ఇంటి నంబరు. మన అక్షరాలన్నిటికీ ఊరొకటే, వీధులు రెండే. అందుకే నీకు అవే గుర్తులు మళ్ళా మళ్ళా కనబడినాయి."

"మరి ఆ పురుగులేంది?"

"ఈ మిషను అవి తెలుగంకెలని తెలీక యాడివో అక్షరాలుగా సూపించింది. ఇది తెలుగు అని ఒక్క మీట నొక్కి సెప్పుంటే అంతా తెలుగే. ఏమీ చెడిపోలేదు."

"ఏమీ చెడిపోలేదా?"

"నువ్వు కూర్చునేదాకా! పోస్టాఫీసులో దూరి ఉత్తరాలన్నిటి మీదా ఊరూ వీధీ చెరిపేసి, ఇంటి నంబర్లు మిగిలించినావు కదప్పా!"

వాద్యారుకు నేనే చెప్పాను. తిట్టాలని నోరు తెరిచాడు. గాలి వచ్చింది. నన్ను తిట్టడానికి కూడా ఆయనకు గొంతు లేదు. అంతకు మించిన తిట్టు నేనెన్నడూ తినలేదు.

ఏర్పేడు దగ్గర కాలేజీ ల్యాబులో పనిచేసే సరోజ మరిది చెంగల్రాయుడు ఫైలు చూసి పెదవి విరిచాడు.

"ఊరొకటే కాబట్టి పెట్టేయొచ్చు. వీధులు కూడా సగానికి పైగా కుదురుతాయి. రెండు వీధుల్లోనూ ఉండే నంబర్లే చిక్కు. తెలుగు సున్నాకీ పొడుగు కొమ్ముకీ ఒకటే నంబరు, సూడు. యాడ ఏదో నాటకం తెలిసినోళ్ళే సెప్పాల."

తెలిసిన మనిషి భూమ్మీద ఒక్కడే. ఆయనకు మాట లేదు, చదువు లేదు.

నేనే ఉపాయం కనిపెట్టాను. (ఇక్కడే మీరు భయపడాలి.) అనుమానం ఉన్న ప్రతి చరణాన్నీ నేను పాడతాను. సరిగ్గా ఉంటే వాద్యారు ఊరకుంటాడు, తప్పయితే చేతికర్రతో నా మోకాలి మీద ఒకటి వేస్తాడు. దెబ్బ పడిన చోటల్లా రెండో అక్షరం వేస్తాను. ఇరవై దినాలు పాడాను. మోకాలు పనసకాయైంది. పని పూర్తయిందని ప్రింటు తీయించి సరోజ చేతికిచ్చాను.

"మామా, దీంట్లో సగం మాటలకి అర్థమే లేదే!"

"పాత నాటకం. అర్థం నీకేం తెలుస్తాది? వాద్యారు దగ్గరుండి సరిచేసినాడు."

ఆమె వాద్యారును ఎదురుగా కూర్చోబెట్టుకుంది. రాణి ఏడ్చే ఘట్టంలో తనకు గుర్తుండిపోయిన ఒక్క చరణాన్ని, తాను టైపు కొట్టిన నాటి వరసలో, మెల్లగా పాడింది. వాద్యారు కళ్ళు మూసుకున్నాడు. అదే చరణాన్ని నా దిద్దుబాటుతో, అదే వరసలో పాడింది. కర్ర కదల్లేదు.

"ఇప్పుడు నేను ముందర పాడిన మాటనే నువ్వు పాడు మామా."

పాడాను. టక్కుమని పడింది.

"అయ్యో మామా! ఆయన కొట్టింది నీ అక్షరాన్ని కాదు, నీ రాగాన్ని!"

వాద్యారు కర్ర పక్కన పెట్టి, ఆపరేషన్ తర్వాత మొదటిసారి నవ్వాడు. శబ్దం లేదు, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడ్డాయి. నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను.

అప్పటి నుంచీ ముందు రాగానికి దెబ్బలు, అది కుదిరాకే అక్షరానికి. రాగం కుదిరితే మాట దానంతటది వచ్చి కూర్చుంటుందని ఆయన సైగ. మూడేళ్ళలో మూడో వంతు కూడా కాలేదు. ఆయనకు ఎనభై దాటాయి. అందులో నవ్వేమీ లేదు.

కాబట్టి మీ అందరి సాక్షిగా, వాచిన మోకాలి మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. నాకు చదవరానిదాన్ని ఈ జన్మలో చెత్త అనను. అన్నా, పీకను. పీకినా, సేవ్ కొట్టను. ఇంకెన్నడూ పాట పాడనని కూడా ఒట్టు వేయబోయాను గానీ, వాద్యారు కర్ర ఎత్తాడు.